ప్రభుదాసు ఇచ్చిన పూచీ

బుర్రకథ చూసినవాళ్ళకు వేదిక మీద ముగ్గురు గుర్తుంటారు. నడిమి మనిషి తంబురా భుజాన వేసుకుని కథ చెబుతాడు. అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు నిలబడతారు. ఒకడి పని హాస్యం, ఇంకొకడి పని రాజకీయం. కథ ఏ కాలానిదైనా సరే, మధ్యలో ఆపి దాన్ని ఇవాళ్టి పన్నుల్లోకి, ఇవాళ్టి దొరతనంలోకి లాక్కొచ్చి నాలుగు మాటలు అనేవాడే రాజకీయం. మా దళంలో కథకుడు పున్నయ్య మాస్టారు, ఫాదర్ల బడిలో పంతులు. హాస్యం నేను, కరీముల్లాని. రాజకీయం ప్రభుదాసు.

నన్ను చూసి జనం నవ్వేవాళ్ళు. మాస్టారి గొంతుకు తలలూపేవాళ్ళు. నమ్మింది మాత్రం ప్రభుదాసునే. అది చూసి నాకు కాస్త కడుపుమంటగా ఉండేదని ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. గంటసేపు గెంతి, మూతి వంకర్లు తిప్పి నేను నవ్విస్తే, ఆట అయ్యాక జనం వెళ్ళి ఆయన చుట్టూ మూగేవాళ్ళు. "ప్రభుదాసూ, ఈ కంట్రోలు బియ్యం సంగతేంది? యుద్ధం ఎప్పుడు అయిపోద్ది?" అని అడిగేవాళ్ళు. తెలిస్తే చెప్పేవాడు. తెలియకపోతే "నాకు తెలవదు, కనుక్కొని చెప్తా" అనేవాడు. కనుక్కుని, మళ్ళీ ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆ మనిషిని వెతికి మరీ చెప్పేవాడు. అలాంటి చాదస్తుడు.

నకరికల్లు దగ్గర ఒక క్రైస్తవ పేట ఆయనది. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివి, ఆపైన ఊళ్ళో ఒక ఆసామి దగ్గర పాలేరుగా కుదిరాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. నవ్వడం తక్కువ. "నవ్వాలంటే నీకు పార్టీ ఆఫీసు నుంచి ఆర్డరు రావాలా అన్నా?" అని నేను ఏడిపిస్తే, "నువ్వున్నావు గదరా ఆ పనికి" అనేవాడు.

మా పక్షం నాయకుడు మల్లికార్జునరావు గారు. నరసరావుపేటలో ప్లీడరు. జైలుకెళ్ళి వచ్చినవాడు, ఖద్దరు తప్ప కట్టనివాడు. ఎన్నికలు వస్తున్నాయని తెలిసిన ఏడు, నలభై అయిదులో, ఆయన ప్రభుదాసు వాళ్ళ పేటకు వచ్చాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. పెద్ద కులాలవాళ్ళు పేట మొదట్లోనే నిలబడి కేకేసి పని చెప్పి వెళ్ళే రోజులవి. ఈయన నేరుగా ప్రభుదాసు ఇంట్లోకి వచ్చి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ ఇంటి ఇల్లాలు దేవమ్మ వదిన పెట్టిన జొన్నన్నం, గోంగూర పచ్చడి తిన్నాడు. మారు అడిగి మరీ తిన్నాడు. "ప్రభుదాసు గారూ" అన్నాడు. ఆ ఇంటి మగమనిషిని 'గారు' అనగా పేటలో ఎవరూ అంతకుముందు విని ఉండరు. ఎదురింటి రాహేలు పిన్ని గుమ్మం దగ్గర నిలబడి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

తిన్న చెయ్యి కడుక్కుని ఆయన పేట వెనక కొండ కింద ఉన్న బంజరు చూపించాడు. "నేను గెలిస్తే అది మీదే. ఇప్పటినుంచే బాగుచేసుకుని దున్నుకోండి. సాగులో ఉన్నవాళ్ళకు పట్టాలు ఇప్పించే బాధ్యత నాది" అన్నాడు.

అంతే, ప్రభుదాసుకు పూనకం వచ్చింది. ఆ ఏడంతా ఊరూరా తిరిగి పురిటిసుంకం కథ చెప్పాం. కొండవీడు ఏలిన ఒక రాజు, ఆడది బిడ్డను కంటే సుంకం కట్టాలని ఉత్తర్వు వేస్తే, కడుపు మండిన మనిషొకడు ఆయన్ని పొడిచి చంపాడని మా వైపు ముసలమ్మలు కూడా చెబుతారు. అదే కథ. సుంకం ఘట్టం రాగానే ప్రభుదాసు డక్కీ ఆపేవాడు. "ఇది కథ కాదయ్యా, నిజం! ఆ రాజు పరాయోడా? కాదు. మన నేలమీద పుట్టినోడే. మనోడని చెప్పి కళ్ళు మూసుకోబాకండి, మాట మీద నిలబడేవాణ్ణి చూసుకోండి. మల్లికార్జునరావు గారి మాటకు నేను పూచీ. ఆయన తప్పితే వచ్చి నా చొక్కా పట్టుకోండి" అనేవాడు. జనం ఈలలు వేసేవాళ్ళు.

సొంత పేటలోనూ అదే మాట చెప్పాడు. దాని ఫలితం వేరేగా ఉంది. ఉగాదికి పాలేళ్ళు మళ్ళీ ఏడాదికి ఒప్పుకునే వేళ, పేట మగవాళ్ళు ఎవరూ ఆసాముల గడప తొక్కలేదు. అందరికంటే ముందు మానుకున్నవాడు ప్రభుదాసు. ఆడా మగా కలిసి బంజరు మీద పడ్డారు. రేగుకంప నరికారు, తుమ్మ మొద్దులు పెకలించారు. ఎంత తీసినా తరగని రాళ్ళు. ఒక బండ దొర్లి దేవమ్మ వదిన పాదం నలిగింది. అప్పటినుంచీ ఆమె కుంటుతూనే నడిచేది. "మన చేను గదా, పోతే పోయింది కాలు" అని నవ్వేది. రెండో ఏటికి ఆ నేల జొన్న వేయడానికి సిద్ధమైంది.

రావుగారు గెలిచారు. మద్రాసు వెళ్ళారు. పట్టాల మాట అడిగితే "వస్తున్నాయి" అని కబురు వచ్చేది. నలభై ఏడు తొలకరికి పేటవాళ్ళు జొన్న చల్లారు. మొలకలు పైకి రాగానే, చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లున్న రావుగారి బావమరిది మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, ఆ చేను చుట్టూ సర్వే రాళ్ళు పాతించాడు. ఆ నేల తన పేర రాబోతోందని చెప్పాడు.

ప్రభుదాసు, నేను నరసరావుపేట వెళ్ళాం. ఏదో పొరపాటు జరిగిందని దారంతా ఆయనే నాకు సర్దిచెప్పాడు. "ఆయనకు తెలిసుండదురా. బావమరిది ఆయన చాటున చేస్తుండాడు. మనం చెప్తే అప్పుడే కబురు పంపిస్తాడు చూడు" అన్నాడు.

రావుగారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. మమ్మల్ని కింద మెట్ల దగ్గరే నిలబెట్టారు. "ఏరా ప్రభుదాసూ, బాగున్నావా?" అన్నారు. 'గారు' ఎటు పోయిందో పోయింది.

"బంజరులో రాళ్ళు పాతారు బాబూ" అన్నాడు ప్రభుదాసు.

"తెలుసు. మావాడు అక్కడ బావి తవ్వించి బత్తాయి తోట వేస్తాడు. ఆర్డరు ఇంకా రాలేదు, వస్తుంది. మీవాళ్ళకు ఏడాది పొడుగునా కూలి దొరుకుతుంది. నీళ్ళు లేని చోట మీ జొన్న ఏం పండుతుంది చెప్పు?"

"మీరు మాటిచ్చారు బాబూ. మా ఇంట్లో కూర్చొని ఇచ్చారు."

"ఇచ్చాను. ఎన్నికలప్పుడు సవాలక్ష అంటాం. ఊరూరా తిరిగినవాడివి, నీకు నేను చెప్పాలా?" కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించారు. "చూడు, వాళ్ళకు నచ్చజెప్పడం నీ వల్లే అవుతుంది. నేను చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు. అందుకే గదా నిన్ను వెంటేసుకుని తిరిగింది!"

మళ్ళీ తనే, వచ్చే నెల స్వాతంత్ర్యం వచ్చే రోజు నరసరావుపేటలో పెద్ద సభ ఉంది, మీ కథ పెట్టిస్తాను, రాజకీయం బాగా దంచి కొట్టాలి అన్నారు. ప్రభుదాసు దండం పెట్టి వచ్చేశాడు. ఆ దండం ఎందుకు పెట్టాడా అని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాకు వచ్చిన తిట్లన్నీ, తెలుగులోవీ ఉర్దూలోవీ, ఊరు దాటేలోపు అయిపోయాయి. ఆయన ఒక్క మాటే అన్నాడు. "ఆయన మన ఇంట్లో అన్నం తిన్నది ఆకలై కాదురా కరీమా."

ఆ సభకు వెళ్ళొద్దని పున్నయ్య మాస్టారు గట్టిగా చెప్పారు. ప్రభుదాసు వినలేదు. "పూచీ ఇచ్చింది జనంలో మాస్టారూ. ఎనక్కి తీసుకోవాల్సింది గూడా జనంలోనే. పదిమందిలో అడిగితే ఆయనకు మాత్రం సిగ్గుండదా? ఆర్డరు ఇంకా రాలేదన్నాడు గదా. పైరు చేలోనే ఉంది" అన్నాడు. పేటవాళ్ళనందరినీ సభకు రమ్మని తనే చెప్పాడు. వాళ్ళ ముందే అడగాలని ఆయన ఆశ.

ఆ సాయంత్రం నరసరావుపేటలో ఎక్కడ చూసినా జెండాలే. ముందు వరసలో కుర్చీలు, రావుగారు, ఆయన బావమరిది. వాళ్ళ వెనక పట్టణం పెద్దలు, వర్తకులు. ఆ వెనక జనసముద్రం. మా పేటవాళ్ళకు చిట్టచివర, బండ్లు విప్పిన చోట జాగా దొరికింది. కథ మొదలైంది. సుంకం ఘట్టం వచ్చింది. ప్రభుదాసు డక్కీ ఆపాడు.

"ఆ రాజు చచ్చాడనుకుంటున్నారా? చావలేదు. ఇదిగో, ముందు వరసలో ఖద్దరు కట్టుకొని కూర్చున్నాడు. మా ఇంట్లో అన్నం తిని, మేం రాళ్ళేరిన బంజరు బావమరిదికి పెడుతున్నాడు. ఈయన మాటకు నేను పూచీ అన్నా. ఆ పూచీ ఇయ్యాల తీసేసుకుంటున్నా. రావుగారూ, మా నేల సంగతి ఈ జనం ముందు చెప్పండి!"

జనంలో నవ్వు విరగబడింది. రాజకీయం చెప్పేవాడు పెద్దమనుషుల్ని ఎత్తిపొడవడం కథలో మామూలే గదా! అది జనానికి సరదా. నేనేదో ఒకటి అనాలి, హాస్యం నాది. నోరైతే తెరిచాను. తెరిచిన నోటితో నిలబడిపోయిన నన్ను చూసి ఇంకా నవ్వారు. ప్రభుదాసు డక్కీ కింద పడేసి, "ఇది కథ కాదయ్యా, నిజం!" అని అరిచాడు. ఆయన ఖర్మ, ఆ మాట ప్రతి ఊళ్ళో ప్రతి కథలో అన్నదే. ఈలలతో మైదానం అదిరిపోయింది.

రావుగారు లేచారు. నవ్వుతూ, చప్పట్లు కొడుతూ వేదిక ఎక్కారు. సభవాళ్ళు తన మెళ్ళో వేసిన జరీ శాలువా తీసి ప్రభుదాసుకు కప్పి, భుజం చుట్టూ చెయ్యి వేసి జనం వైపు తిరిగారు. "చూశారా! ఇదీ స్వరాజ్యమంటే! నన్నే నిలదీసి అడిగే మొనగాడు మనకున్నాడు!" జనం జై కొట్టారు. ఆయనకే కొట్టారు. ప్రభుదాసు పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏమంటున్నాడో పక్కనున్న నాకే వినపడలేదు. చివర బండ్ల దగ్గర ఉన్నవాళ్ళకు అసలేం వినపడుతుంది? వాళ్ళకు కనపడింది శాలువా. మేం సర్దుకుని వెళ్ళేసరికి పేటవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాటినుంచి ప్రభుదాసు డక్కీ లేకుండా, మామూలు మనిషిలా ఇంటింటికీ తిరిగి జరిగింది చెప్పాడు. సాక్ష్యానికి నన్ను వెంట తీసుకెళ్ళాడు. కొందరు తలుపే తీయలేదు. కొందరు విని ఊరుకున్నారు. రాహేలు పిన్ని మాత్రం అరుగుమీద కూర్చోబెట్టి, మొత్తం వింది.

"ఆ పొద్దు ఆయన్ని నమ్మమని చెప్పింది నువ్వే. నమ్మి మావోడు పాలేరుతనం మానుకున్నాడు. ఇప్పుడు నమ్మొద్దని చెప్తంది నువ్వే. మజ్జెలో శాలువా కప్పిచ్చుకుందీ నువ్వే. ఏ నోటిని నమ్మమంటావు నాయనా?" అంది.

ఎవరేం అడిగినా జవాబు చెప్పే మనిషి. తెలియకపోతే తెలియదనైనా అనేవాడు. ఆ రోజు అదీ అనలేకపోయాడు.

ఆర్డరు వచ్చింది. బావమరిది మనుషులు పచ్చి జొన్నలోకి గొడ్లను తోలి, పైరు మేపేసి, తోటకు గుంతలు మొదలెట్టారు. పాలేరుతనానికి తిరిగి వెళ్ళినవాళ్ళను ఆసాములు ఆ ఏటికి చేర్చుకోలేదు. మాస్టారినీ నన్నూ కొత్త రాజకీయాన్ని వెతుక్కోమని ప్రభుదాసే చెప్పాడు. మేం వెతుక్కోలేదు, దళం అలాగే ఆగిపోయింది. నేను చివరిసారి పేటకు వెళ్ళిన రోజు పొద్దున్నే ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు. దేవమ్మ వదిన గడ్డపార తీసుకుని, కుంటుకుంటూ బయటికి వచ్చి, నన్ను చూసి తల పంకించి, మొగుడి వైపు తిరిగింది.

"లెయ్యి. పేటంతా కూలికి పోయింది. మన బంజర్లోనే గుంతలు తియ్యాలంట."

ప్రభుదాసు ఆమె చేతిలోని గడ్డపార తీసుకుని ముందు నడిచాడు.