సగంలో ఆగిన తిట్టు

నంద్యాలలో మత్తు డాక్టరుగా ఉన్నన్నాళ్లూ, ఆపరేషన్‌కు ముందు ప్రతి మనిషినీ తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమనేవాణ్ని. పడితే నోట్లోంచి ఊపిరి గొట్టం వేయడం సులువు. పట్టకపోతే ఆ సంగతి నా డైరీకెక్కేది.

ఆళ్లగడ్డలో గుళ్లకు సింహాలు చెక్కే శిల్పి ఒకాయన వచ్చాడు. బయటి రాళ్లు చాలలేదేమో, పిత్తాశయంలోనూ పెంచుకున్నాడు. ఏళ్ల తరబడి వక్కపొడి పాకెట్లు నమలడంతో బుగ్గలు లోపల బిగుసుకుపోయాయి. ఒక్క వేలు పట్టడమే గగనం.

"సింగాల నోర్లు తెరిసినోణ్ని సార్, నా నోరెంత? నిద్దరపుచ్చండి, అదే తెరుసుకుంటాది."

"ఇంట్లో అరిసేటప్పుడు మాత్రం బాగా తెరుసుకుంటాది," అంది పక్కనున్న భార్య.

నిద్రపుచ్చితే ఆయన సొంత ఊపిరి ఆగుతుంది. ఆపైన గొట్టం పడకపోతే మనిషి దక్కడు. అందుకే మెలకువగా ఉండగానే, ముక్కులోంచి సన్నటి కెమెరాతో దారి చూసుకుంటూ వేస్తానన్నాను.

"ముక్కులోంచా? నేనేమన్నా ఎద్దునా సార్?"

"ఎద్దయితే చెప్పినట్టు ఇంటాది," అంది ఆమె. ఆ మాటకు రోషపడి ఒప్పుకున్నాడు.

మరునాడు ముక్కుకూ గొంతుకూ తిమ్మిరి మందు కొట్టి, బల్ల మీద ఏటవాలుగా కూర్చోబెట్టాను. "మాట్లాడుతూనే ఉండప్పా. గొట్టం సరైన చోట పడితే గొంతు దానంతటదే ఆగుతుంది."

"ఏం మాట్లాడాల సార్?"

"ఎవర్నన్నా తిట్టు."

ఆయన ముఖం వెలిగింది. కెమెరా, దాని మీద తొడిగిన గొట్టం ముక్కులో దిగుతుంటే బొంగురుగా మొదలుపెట్టాడు. "నా బామ్మర్ది ఉండాడు సార్. నా సన్న ఉలి ఎత్తుకపోయి టెంకాయ కొట్టినాడు. అడిగితే, ఇనుమే కదా బావా అంటాడు. వాడు మనిషా? వాడొట్టి..."

గొంతు ఆగింది. పెదాలు ఆడుతున్నాయి, శబ్దం లేదు. కళ్లు మాత్రం ఇంకా తిడుతున్నాయి. గొట్టంలోంచి ఊపిరి చక్కగా వచ్చిపోతోంది. అప్పుడు నిద్రపుచ్చాను.

"వాడొట్టి ఏంది సార్?" అంది నర్సు. ఆపరేషన్ అయ్యేదాకా అందరికీ అదే ధ్యాస.

పూర్తిగా తెలివొచ్చి, తనే ఊపిరి తీసుకున్నాక గొట్టం తీశాను. దగ్గాడు. నన్ను వేలితో దగ్గరికి పిలిచాడు.

"...గాడిద సార్."

ఆపరేషన్ గది వాకిట్లో నిల్చున్న భార్య విననే విన్నది. "ఎవర్నంటాండావ్? మా తమ్మున్నేనా?" అని, నావైపు తిరిగింది. "ఆ గొట్టం ఇంగ రెండు దినాలు ఉంచకూడదా సార్?"

ఆ సాయంత్రం డైరీలో గొట్టం సైజు పక్కన 'గాడిద' అని కూడా రాశాను. రాసేది సగంలో వదిలే అలవాటు నాకు లేదు.