మామ ముఖం మీది చీకటి

మామ పోయాడని పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. నిద్రలోనే గుండె ఆగిందట. నేను పాతబస్తీలోని జహనుమా చేరేసరికి గల్లీలో టెంటు వేస్తున్నారు. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఊరందరికీ ఫోటోలు తీశాడు. దండ వేయడానికి మాత్రం ఆయనది ఒక్క ఫోటో దొరకలేదు. పెళ్లినాటి ఫోటోలో మీసమైనా సరిగా రాని పిల్లవాడు ఉన్నాడు. ఆధార్ కార్డులో ఉన్నవాడు దొంగలా ఉన్నాడని అత్త ఒప్పుకోలేదు.

రిటైరయ్యాక మామకు పొద్దుగూకే ఫోటోల పిచ్చి పట్టింది. సాయంత్రం కాగానే సెకండ్‌హ్యాండ్ కెమెరా మెడలో వేసుకుని మిద్దె ఎక్కేవాడు. మీరాలం చెరువు వైపు ఆకాశం ఎర్రబడుతుంటే, కింద ఇళ్లన్నీ నల్లగా మునిగిపోయేవి. ఆకాశం బాగా వస్తే ఇళ్లు కనిపించవు. ఇళ్లు కనిపించేలా తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. అందుకని తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆకాశం వెలుగు కాస్త తగ్గించి, కింది చీకటిని కొంచెం కొంచెంగా తేల్చేవాడు. ఆ పని నాకూ నేర్పాడు.

నాకు ఓపిక తక్కువ. మౌస్ పట్టుకుని, వెలుగు పెంచే స్లైడర్‌ను ఒక్క ఊపున చివరిదాకా లాగేసేదాన్ని. పొద్దుగూకే వేళ కాస్తా మిట్టమధ్యాహ్నమయ్యేది, మిద్దెల అంచుల వెంట తెల్లటి గీత పుట్టేది. మామ దాన్ని ‘దొంగ వెలుగు’ అనేవాడు. అంతకుమించి తిట్టేవాడు కాదు.

“చీకటిని ఎల్లగొట్టకు బిడ్డా. జర జరగమను, సాలు” అనేవాడు, సిటీ బస్సులో సీటు అడిగినంత మర్యాదగా.

ఆయన జరగమంటే చీకటి నిజంగానే జరిగేది. అప్పటిదాకా నల్లగా ఉన్నచోట పావురాలను గూట్లోకి పిలుస్తున్న ఎదురింటి భాయ్ కనిపించేవాడు. నీళ్ల ట్యాంకు పక్కన మడతమంచం, దాని కింద పిల్లి బయటపడేవి. మామ మురిసిపోయి ప్రింటు తీయించి భాయ్‌కి ఇచ్చి వచ్చేవాడు. ఆకాశం బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ముఖం ముడుచుకునేవాడు. ఆకాశానికేం ఫికర్, అందరూ దాన్నే చూస్తారు కదా అని ఆయన బాధ. నాకు ఇవాళ ఓపిక అంటూ ఏమైనా ఉంటే అది మామ పెట్టిన భిక్షే.

పదో రోజుకు ఫోటో కావాలి. అత్త తన ఫోన్‌లో వెతికి వెతికి ఒకటి చూపించింది. మొన్నీమధ్యే తాను తీసిందట. మామ పిట్టగోడకు ఆనుకుని ఇటు తిరిగి నిలబడ్డాడు, వెనక ఎర్రటి ఆకాశం. మనిషి మాత్రం నిలువునా నలుపు. ముక్కెక్కడో కూడా తెలియలేదు.

ఫ్రేములు కట్టే కొట్టుకు తీసుకెళ్తే, కొట్టతను ఫోన్‌లో ఏదో యాప్‌లో పెట్టి చిటికెలో ముఖం తెప్పించాడు. తెల్లగా, నున్నగా, పలువరుస చక్కగా పెట్టి నవ్వుతోంది. మామకు ముందు పన్ను సగం విరిగి ఉండేది. ఇంటికి తెచ్చి చూపిస్తే అత్త చాలాసేపు చూసింది.

“ఈయనెవరో మంచిగనే ఉన్నడు. మీ మామను తీసుకరా బిడ్డా” అంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ యాప్‌ను తిట్టుకున్నాను. ఇన్ని ఫోటోలు తీసి ఒక్కదాంట్లోనూ నిలబడని మామను ఇంకా ఎక్కువ తిట్టుకున్నాను. ఆ కోపంతోనే వెళ్లి ఆయన కంప్యూటర్ ముందు, ఆయన కుర్చీలో కూర్చున్నాను. అత్త స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

ఈసారి ఒక్క ఊపున లాగలేదు. వెంట్రుకవాసి జరిపి ఆగాను. మళ్లీ జరిపాను. ముందు ఒక చెవి వచ్చింది. తర్వాత చొక్కా గుండీలు, చెంప మీద నెరిసిన గడ్డం. ఫోన్‌తో తీసిన ఫోటో కదా, చీకటి జరిగినచోటల్లా ఇసుక చల్లినట్టు గరుకు తేలింది. కళ్లు పూర్తిగా రాలేదు. ఇంకొంచెం జరిపితే తల చుట్టూ దొంగ వెలుగు మొదలైంది. వెనక్కి వచ్చేశాను. ఇంతకంటే రాదని అత్తకు చెప్పి మౌస్ వదిలేశాను.

“సాలు బిడ్డా. చాయ్ తీస్కపోతే నాకు రోజు గిట్లనే కనవడుతుండె” అంది.

అప్పుడు చూశాం, పిట్టగోడ మీద చీకట్లోంచి రెండు చాయ్ గ్లాసులు కూడా తేలాయి. ఒకటి మామ చేతి కింద, సగం ఖాళీ. రెండోది దూరంగా, నిండుగా ఉంది. అత్త దానిమీద వేలు పెట్టింది.

“ఇది నాది. ఫోటో తీద్దామని పక్కకు పెట్టిన. తర్వాత తాగిననో లేదో.”

దండకు ముఖం ఒక్కటే చాలు, కిందిది కోసేద్దామన్నాడు కొట్టతను. అత్త వద్దంది.

ఫోటో ఇప్పుడు ముందుగదిలో ఉంది. గుమ్మంలోంచి చూస్తే ఆకాశమే కనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే మామ. దండ కిందికి జారి ఆయన చేతినీ, చేతి కింది గ్లాసునూ కప్పేసింది. నిండు గ్లాసు ఒక్కటే బయట ఉంది.