శాంతమ్మత్త జేబుల గుడ్డ

శాంతమ్మత్త ఇక లేదన్న కబురు నాకు వేలూరు బస్టాండులో అందింది. గుడియాత్తం బస్సు ఎక్కబోతుంటే మా అమ్మ ఫోను చేసి, "నాయనా, శాంతమ్మ పోయిందిరా. మధ్యానం గోడకి ఆనుకోని కూర్చుండాది, అట్లనే పోయింది" అంది. పిడుగులాంటి ఆ వార్త విన్నవాడికి ముందు కన్నీళ్ళు రావాలి. నాకు కోపం వచ్చింది. ఇది డిసెంబరు నెల. ఆమె ముందు గదిలో జేబుల గుడ్డ గోడకు వేలాడుతోంది. అందులో సగం జేబులు ఇంకా తెరవనే లేదు. మా వీధి పిల్లల్ని అలా మధ్యలో వదిలేసి పోవడానికి ఆమెకు మనసెలా ఒప్పిందని కోపం. బస్సు కే.వి.కుప్పం దాటాక గాని నాకు ఏడుపు రాలేదు.

ఆమెను ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. శాంతమ్మత్త వేలూరులో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో నర్సుగా జీవితమంతా సేవ చేసింది. విశ్రాంత జీవితానికి భర్తతో కలిసి గుడియాత్తంలో మా మగ్గాల వీధికి వచ్చింది. ఆ వీధిలో క్రైస్తవ కుటుంబం వాళ్ళదొక్కటే. మాకూ ఆమెకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా నా తరం పిల్లలకు ఆమె అత్త, వాళ్ళ పిల్లలకూ అత్తే. పేరుకు మాత్రమే శాంతమ్మ. నోరు తెరిచిందంటే మగ్గాల చప్పుడు వినపడేది కాదు.

క్రిస్మస్‌కు ముందు ప్రభువు రాక కోసం నిరీక్షణతో గడిపే రోజుల్ని వాళ్ళు ఆగమన కాలం అంటారు. ఆ రోజుల్లో పిల్లలు రోజుకొక బుల్లి కిటికీ తెరుచుకునే అట్ట క్యాలెండర్లు ఉంటాయి. పిల్లల వార్డులో ఎవరో అలాంటిదొకటి తగిలిస్తే, ఇంటికెప్పుడు పోతామని ఏడ్చే బిడ్డలు ఏడుపు మాని దాని కింద చేరేవారట. మా వీధికి వచ్చాక ఆమె మా తాత దగ్గరికి వెళ్ళి, చిరగని క్యాలెండరు కావాలంది. తాత లుంగీలు నేసేవాడు. మిగిలిపోయిన గళ్ళ ముక్కలన్నీ ఆమె ఒళ్ళో పోశాడు. వాటితో ఇరవై నాలుగు జేబులు కుట్టి, జేబుకొక బొత్తాం పెట్టి, గోడకు వేలాడదీసింది. ఒక్కొక్క జేబు మీద అంకెకు బదులు ఒక తెలుగు అక్షరం. మా ఇళ్ళల్లో అందరం తెలుగే మాట్లాడతాం, బడి చదువంతా తమిళంలోనే కాబట్టి చదవడం మాత్రం ఎవరికీ రాదు. ఈ వ్యాసం నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ జేబుల పుణ్యమే.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఒక బిడ్డ వంతు. బొత్తాం విప్పి చెయ్యి పెడితే ఒక రోజు మురుకులు, ఒక రోజు కలకండ, ఒక రోజు రంగు రిబ్బను. ముందుగా ఎవరైనా జేబులు తడిమి చూడబోతే వేళ్ళ మీద స్కేలుతో ఒక్కటిచ్చేది. ఇంకొక నియమం ఉండేది, అది మరీ కఠినం. "తీసినోళ్ళు ఉంచుకోగూడదు. పక్కనున్నోళ్ళకి ఇయ్యాల. అడక్కుండా చేతికి వచ్చేదాన్నేరా పండగంటారు" అనేది. ఏడేళ్ళ వయసులో నా వంతుకు మట్టి పిట్ట ఈల వచ్చింది. నా పక్కన నిలబడింది ఆమె ఇంట్లోనే ఉండే ఆమె తమ్ముడి కొడుకు దేవసహాయం. ఇయ్యక తప్పింది కాదు. వాడు ఆ ఈలను పండగ దాటేదాకా మా కిటికీ కింద నిలబడి ఊదాడు. ఆ సంగతి నేనింకా మరిచిపోలేదు.

మా అవ్వకు క్రిస్మస్ అంటే ఏమిటో తెలియదు. బిడ్డలు తెరిచే గుడ్డ, మన మగ్గం మీది గుడ్డ, కాబట్టి మంచి జరగాలని ఏటా మొదటి రోజు వెళ్ళి మొదటి జేబుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. ఒక ఏడు పలకరింపుకు వచ్చిన చర్చి పెద్ద ఒకాయన అది చూసి మొహం చిట్లించాడు. "ఇదేందమ్మా, మన ఇంట్లో ఈ బొట్టేంది? ముందు ఉతికేయండి" అన్నాడు. శాంతమ్మత్త కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి వెనక్కి తీసుకుంది. "ఆ గుడ్డ నేసినోళ్ళ ఇంటి ముసలామె పెట్టిండే బొట్టయ్యా అది. నా ఇంటి పిలకాయలు సల్లగుండాలని పెట్టింది. దాన్ని ఉతికేది లేదు. మీకు చూసేదానికి కష్టంగా ఉంటే సీక్రం బయలుదేరండి, బస్సు పోతాది" అంది. అవ్వ పోయి చాలా కాలమైంది. ఆ మరక మాత్రం పోలేదు.

ఆమెలోని ఆగ్రహానికి మూలం ఏమిటో ఆమె భర్త మరణించినప్పుడు నాకు అర్థమైంది. అదీ డిసెంబరే. సమాధుల తోట నుంచి తిరిగి వచ్చారో లేదో, బంధువులు ఆమె చుట్టూ చేరారు. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు పండగ ఉండదు. మాలోనూ అంతే, వాళ్ళలోనూ అంతే. వాకిట్లో కట్టిన పండగ నక్షత్రం దించండి, గుడ్డ తీసేయండి అన్నారు. ఆమె లేచి గోడకు అడ్డంగా నిలబడింది. "మా అమ్మ చచ్చిపోయినప్పుడు నాకు ఆరేండ్లు. అప్పుడు గూడా డిసెంబరే. కుడతా ఉండిన నా కొత్త గౌనుని మా పెద్దమ్మ మిషను మీది నుంచి లాగేసింది. నక్షత్రాన్ని దించి పొయ్యిలో పెట్టినారు. అమ్మా పాయె, పండగా పాయె. చిన్నబిడ్డ దగ్గర రెండూ లాక్కున్నారు గదా, మీకు న్యాయమేనా? పోయింది మా ఇంటాయన. రావాల్సినోడు రాక మానతాడా? తలుపు తీయండి, పిలకాయలు మెట్ల మీద ఉండారు" అంది. ఆ సాయంత్రం ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో ఆమె పక్కన నిలబడితే, ఎవరో పిల్ల బొత్తాం విప్పింది.

అంతటి మనిషి కదా. ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రమే ఆ గుడ్డను గోడ మీంచి దించేశారు.

దించినవాడు దేవసహాయం. ఆ గదిలో ఈల అందుకున్నవాడు, మురుకులు తిన్నవాడు, మేనత్త మాటలు చెవులారా విన్నవాడు. సమాధుల తోట నుంచి నేను ఆ ఇంటికి చేరుకునేసరికి నక్షత్రం మూలన పడి ఉంది, గుడ్డ ట్రంకు పెట్టెలోకి పోయింది. మెట్ల మీద నిలబడిన పిల్లల్ని ఎవరో ఆడామె "ఈ ఏడు ఏం లేదు, ఇండ్లకి పోండి" అని తరిమేసింది.

రెండు రోజుల తర్వాత చర్చిలో సంతాపసభగా జరిగిన ఆదరణ కూడికలో వక్తలందరూ లేచి ఆమెను శాంతమూర్తి అన్నారు. ఓర్పుకు మారుపేరన్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని సాత్వికురాలన్నారు. అయ్యా, మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారు? ఆమెకు ఆ నోరే లేకపోతే పిల్లల పక్షాన ఈ ఊళ్ళో మాట్లాడేవాళ్ళు ఎవరు ఉండేవారు? మనిషి పోగానే ఆమె కోపాన్ని కూడా పూడ్చిపెట్టడం ఏ రకం గౌరవం? చివరగా ఒక పెద్దమనిషి ఆ జేబుల గుడ్డకు అద్దం ఫ్రేము కట్టించి చర్చి హాల్లో పెడతామనీ, భావి తరాలు చూసి తరిస్తాయనీ ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. పిల్లల చేతులు దూరడానికి కుట్టిన జేబులకు అద్దం! నేను ఇక కూర్చోలేకపోయాను.

తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళాను. దేవసహాయం వాకిట్లో ఉన్నాడు.

"గుడ్డ యాడరా?" అన్నాను.

"పెట్టెలో ఉండాది. ఏమప్పా అట్లడగతావు?"

"తీసి గోడకి తగిలించు."

"చావింట్లో తగిలిస్తే నలుగురు ఏమనుకుంటారు? నీకేం, నువ్వు వేలూరికి పోయేస్తావు. మాట పడేది నేను."

"మీ మామ పోయినప్పుడు అత్త ఏమన్నిందో నువ్వు విన్లేదా? గోడ పక్కనే ఉంటివి గదరా!"

మా అరుపులకు పిల్లలు మళ్ళీ ఒక్కొక్కరే వచ్చి మెట్ల మీద చేరారు. వాళ్ళను చూసి కళ్ళు దించుకుని, "శరి, కానీ" అని లోపలికి పోయాడు. గుడ్డ తెచ్చాడు. ఇద్దరం చెరో కొస పట్టుకుని మేకులకు తగిలించాం. నా ఛాతీ ఉప్పొంగింది. అందరి నోళ్ళు మూయించాననీ, అత్త మాట నిలబెట్టాననీ అనుకున్నాను.

ఆ రోజు వంతు కావ్యది, మా ఎదురింటి మగ్గం వాళ్ళ పిల్ల. గౌనుకు చేతులు తుడుచుకుని, బొత్తాం విప్పి, జేబులో చెయ్యి పెట్టింది. అటూ ఇటూ తిప్పింది. చెయ్యి బయటికి తీసి మాకు చూపించింది. ఏమీ లేదు.

పక్క జేబు విప్పాను. అదీ ఖాళీ. ఆ పక్కదీ, ఆ కింది వరుసా అంతే. దేవసహాయం నమ్మలేక తానూ ఒక్కొక్క దాంట్లో వేళ్ళు పెట్టి చూశాడు.

"అత్త అన్నీ మొదటి దినమే పెట్టేస్తాది అనుకుంటిని గదప్పా" అన్నాడు.

నేనూ ఇన్నేళ్ళు అలాగే అనుకున్నాను. వీధంతా అలాగే అనుకుంది. ఆమె ఏ రోజు జేబు ఆ రోజే, మధ్యాహ్నం వీధి కునుకు తీసే వేళ నింపేదని మాలో ఒక్కరికీ తెలియదు. తడిమితే స్కేలు దెబ్బ ఎందుకు పడేదో ఆ క్షణంలో తెలిసింది. గుడ్డ గోడ మీద ఉండాలా, పెట్టెలో ఉండాలా, అద్దంలో ఉండాలా అని ఇంతమందిమి కొట్లాడుకున్నాం. జేబులో ఏం పెట్టాలని ఒక్కరం ఆలోచించలేదు. అప్పటిదాకా ఊరి మీద ఉన్న నా కోపం నా మీదికే తిరిగింది.

"అత్త రేపు పెడతాదా?" అని కావ్య అడిగింది. శాంతమ్మత్త లేదన్న సంగతి నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. ఆ లోటు ఇక ఎవరితోనూ పూడదు.

ఆ పుణ్యమూర్తికి అశ్రునివాళి అర్పిస్తూ ఒక్కటే విన్నపం. ఆమెను తలచుకుని ఆ ఇంటికి వెళ్ళాలనుకునేవాళ్ళు దయచేసి పూలదండలు తీసుకెళ్ళకండి, ఉపన్యాసాలు అసలే వద్దు. మధ్యాహ్నం వీధి నిద్రపోయే వేళ వెళ్ళండి. తలుపు తీసే ఉంటుంది. రేపటి జేబు ఖాళీగా ఉంది.