గిరావీన్ ఇంట్లో చెమ్మ

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయన్న భయంతో కంపెనీలు మనవాళ్లని తెగ పిలుస్తున్న రోజుల్లో మేం సిడ్నీ వచ్చాం. మా ఆయన పొద్దున్నే రైలెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. సిడ్నీ శివారు గిరావీన్‌లో పాత ఇటుకల బిల్డింగులో కింది వాటా మాది. నాకప్పుడు ఐదో నెల.

ఇక్కడ జూన్ అంటే చలికాలం. ఆ చలికి భయపడి కిటికీలన్నీ బిగించేశాను. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, నాకేం తెలుసు! తడిబట్టలు హాల్లోనే హీటర్ ముందు ఆరేసేదాన్ని. వంట ఆవిరి కూడా బయటికి పోనిచ్చేదాన్ని కాదు. ఇల్లు వెచ్చగా ఉందని సంబరపడేదాన్ని.

ఒకరోజు పెళ్లిచీర తీద్దామని బీరువా తెరిస్తే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. బీరువా వెనక్కి తొంగి చూస్తే, చెమ్మ పట్టి గోడ నిండా నల్లటి బూజు. చీర అంచు మీదా మచ్చలే. అక్కడే చతికిలబడి ఏడ్చేశాను.

ఏడుపు వినబడి పైవాటా ఆంటీ తలుపు కొట్టారు. హైదరాబాద్ ముస్లింలు, ఎన్నో ఏళ్ల కిందట వచ్చి ఇక్కడే మసాలా దినుసుల కొట్టు పెట్టుకున్నారు.

“ఏమైంది బిడ్డా? ఊరి నుంచి ఫోన్ ఏమన్న వచ్చిందా?”

గోడ చూపించాను. ఆవిడ దుపట్టా ముక్కుకి అడ్డం పెట్టుకుని నా చెయ్యి పట్టుకున్నారు.

“ముందు నువ్వు బయటికి నడువ్. కడుపుతోని ఉన్నవ్, ఈ గాలి పీల్చద్దు.”

నన్ను తన ఇంట్లో కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, వెనిగర్ సీసా, పాత గుడ్డలు పట్టుకుని కిందికి బయల్దేరారు.

“మీకెందుకండీ ఆంటీ శ్రమ? నేను చేసుకుంటాను కదా!”

“నా ఫస్ట్ వింటర్‌ల నేను గూడ గిట్లనే కిటికీలు బంద్ చేసుకుని కూసున్న. చెప్పేటోళ్లు ఎవ్వరు లేకుండె. నువ్వు చాయ్ తాగు.”

శనివారం అంకుల్, మా ఆయన కలిసి బీరువాని గోడకి దూరంగా జరిపారు. ఆంటీ మళ్లీ మళ్లీ తుడిచారు. గోడ పూర్తిగా ఆరేదాకా మా పడక వాళ్ల ముందు గదిలోనే. నా చీరని తన బాల్కనీలో నీడపట్టున ఆరేశారు. మచ్చలు పూర్తిగా పోలేదు కానీ, వాసన పోయింది.

అక్టోబర్‌లో పాప పుట్టింది. హాస్పిటల్‌కి ఆంటీ వేడివేడి సూప్ తెచ్చారు. ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన మాట అప్పుడు చెప్పబోయాను.

“ఆంటీ, మీరు లేకపోతే...”

“అగో, మళ్ల ఏడుస్తున్నవ్! జర పిల్లనియ్యి ఇటు,” అంటూ పాపని ఒళ్లోకి తీసుకున్నారు.