బ్రేకక్కయ్య కాలు తీసిన రోజు

ఆ ఊళ్లో కారు తోలే ఆడవాళ్లలో సగానికి పైగా ఒక్క మనిషి దగ్గరే నేర్చుకున్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాగితాల మీద ఉండిపోయింది గానీ, ఊరంతా ఆవిడని పిలిచేది బ్రేకక్కయ్య అని. ఎదురుపడి పిలిచినా ఏమీ అనుకునేది కాదు, పైగా ఆ పేరుకే పలికేది.

ఆవిడ అన్నయ్య డ్రైవింగ్ స్కూలు పెట్టిన కొత్తలో మగ మాస్టరు పక్కన కూర్చుని నేర్చుకోవడానికి ఆడవాళ్లు జంకేవారు. చెల్లెలికి లైసెన్సుంది, అంతకంటే పెద్ద నోరుంది. తీసుకొచ్చి ఎడమ సీట్లో కూర్చోబెట్టాడు. స్కూలు కారులో ఆ సీటు ముందు రెండో బ్రేకు ఒకటి ఉంటుంది, నేర్చుకునేవాళ్లు తడబడితే మాస్టరు తొక్కడానికి. స్టీరింగు లేదు, క్లచ్చి లేదు, ఆ బ్రేకొక్కటే. ఇరవై ఏడేళ్లపాటు ఆవిడ కుడికాలు దాని మీదే కాపురం చేసింది.

ఆవిడ దగ్గర పాసవడానికి ఒక పద్ధతి ఉండేది. ప్రభుత్వం వాళ్లిచ్చే లైసెన్సు వేరు, అక్కయ్య ఇచ్చే లైసెన్సు వేరు. ఏదో ఒకరోజు, చెప్పాపెట్టకుండా, బండి మాంచి రద్దీలో ఉండగా చెప్పులు విడిచేసి రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ఇక బ్రేకు మీద కాలు లేదన్నమాట. "నీ బండి, నీ ఇష్టం" అని కిటికీలోంచి బయటికి చూసేది. కొందరికి నెలలో అయ్యేది, కొందరికి మూడు నెలలు పట్టేది. బేకరీ ఆవిడకి మాత్రం పద్నాలుగు నెలలు పట్టింది. ఆ ఊరి ఆడవాళ్లు ఒకరినొకరు అడిగేది లైసెన్సు వచ్చిందా అని కాదు, "అక్కయ్య బాసింపట్టు వేసిందా?" అని.

ఇంతమందిని రోడ్డెక్కించిన మనిషి తను మాత్రం రోడ్డెక్కేది కాదు. పొద్దున్నే స్కూలు కారుని మైదానానికి తెచ్చేది అన్నయ్యే, సాయంత్రం పట్టుకెళ్లేదీ అన్నయ్యే. పదకొండేళ్ల కిందట ఒకసారి పెద్దరోడ్డు మీద తనే తోలుకుంటూ వెళ్తోంది. పక్క నుంచి బస్సొకటి గట్టిగా హారను కొట్టింది. అంతే, కాలు తన మాట వినకుండా వెళ్లి బ్రేకు మీద పడింది. నడిరోడ్డు మీద బండి ఠక్కున ఆగిపోయింది. వెనకాల వస్తున్న లారీ వెంట్రుకవాసిలో ఆగింది. లారీ డ్రైవరు దిగొచ్చి తిట్టాల్సినవన్నీ తిట్టి, చివర్లో "నీకు తోలడం నేర్పిన మహానుభావుడెవరు?" అన్నాడు. తిట్లన్నీ ఆ పూటే మర్చిపోయింది, ఆ ఒక్క ప్రశ్న మాత్రం పోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పదహారేళ్ల అలవాటుదీ అదే దారి అనుకుని, ఆనాటి నుంచి స్టీరింగు ముట్టలేదు. ఈ సంగతి అన్నయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే స్కూలుకి ఎవరొస్తారు?

ఆవిడ మొదటి బ్యాచిలో ముగ్గురుండేవారు: లెక్కల టీచరు, నర్సు, బేకరీ ఆవిడ. లైసెన్సులు రాగానే నలుగురం కలిసి సముద్రం దాకా బండి తోలుకుంటూ వెళ్దాం అనుకున్నారు. అనుకున్నాక పెళ్లిళ్లు వచ్చాయి, పిల్లలు వచ్చారు, డ్యూటీలు వచ్చాయి, సముద్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. లెక్కల టీచరు రిటైరైన ఏడాది మళ్లీ ఆ మాటెత్తింది. ఇన్నేళ్లు ఆగినందుకు దగ్గరి సముద్రం చాలదని, పరాయి దేశంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండు వేల ఆరు వందల కిలోమీటర్లు, తొమ్మిది రోజులు, అద్దె వ్యాను అని లెక్క తేల్చింది.

అన్నయ్య చెల్లెల్ని పక్కకి పిలిచాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు ఇంటి దగ్గరే తోలవు కదే."

అక్కయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. "సముద్రం ఒడ్డున బండి నా చేత్తో ఆపి నీకు ఫోన్ చేస్తాను. చెయ్యకపోతే ఆ స్కూలు బోర్డు నువ్వే పీకెయ్" అంది. అనేశాక రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

అక్కడ దిగగానే అద్దెబండ్ల ఆఫీసు వెనకాల ఆవరణలో తెల్ల వ్యాను కడిగి సిద్ధంగా పెట్టారు. అక్కయ్య ఎప్పటిలాగే చకచకా వెళ్లి, ఎడమ తలుపు తీసి, ఎక్కి కూర్చుంది. స్టీరింగు వచ్చి బొజ్జకి తగిలింది. ఆ దేశంలో బండ్లు రోడ్డుకి కుడిపక్కన వెళ్తాయి, కాబట్టి స్టీరింగు ఎడమపక్కన ఉంటుంది. వెయ్యిసార్లు విన్న సంగతే, కానీ కాళ్లకి ఎవరు చెప్పారు? తేలు కుట్టినట్టు కిందికి దూకింది.

"అక్కయ్య సీటుకే స్టీరింగు పెట్టారే ఇక్కడివాళ్లు" అని బేకరీ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. అక్కయ్య నవ్వలేదు. వ్యాను చుట్టూ తిరిగొచ్చి కుడిపక్క సీట్లో కూర్చుంది.

ఆ సీటు ముందు బ్రేకు లేదు, ఉత్త రబ్బరు పట్టా. ఆవిడ కాలికి ఆ తేడా తెలియదు. ఎదురుగా బండి వస్తే తొక్కేది, మలుపొస్తే తొక్కేది, దూరంగా ఎవరైనా రోడ్డు దాటుతుంటే వాళ్లు దాటేదాకా తొక్కే ఉంచేది. నాలుగోరోజుకి పట్టాకి మడమ దగ్గర చిల్లు పడింది. ఆ సాయంత్రం బసలో నర్సు ఆవిడ మోకాలికి మందు రాస్తూ, "మేం బండిలో వచ్చాం. నువ్వు నడిచొచ్చినట్టున్నావ్ అక్కయ్యా" అంది.

లెక్కల టీచరు ఊరుకునే మనిషి కాదు. ఎవరు ఎన్ని గంటలు తోలాలో గళ్లు గీసి పట్టిక తయారుచేసింది. బస మారినప్పుడల్లా దాన్ని గది తలుపు వెనక అతికించేది, పొద్దున్నే పీకి మడతపెట్టేది. మూడు వరసలు నిండాయి. నాలుగో వరస, అక్కయ్యది, బొట్టులేని నుదురులా బోసిగా ఉంది.

"ఈరోజు నీ గడిలో ఏం రాయమంటావ్?" అనడిగింది ఏడోరోజు.

"రేపు అని రాయి."

"రేపు అని ఆరుసార్లు రాశాను."

"నేనే తోలితే మీకు అలవాటెలా అవుతుందే? మీ మంచికే చెప్తున్నా" అంది అక్కయ్య. ఇరవై ఏడేళ్లలో ఇంత నీరసంగా ఆవిడ ఏ మాటా అనలేదు. లెక్కల టీచరు ఏడోసారీ రేపు అనే రాసింది.

తొమ్మిదోరోజు కొండ దాటాలి. అటు దిగితే సముద్రమే. పొద్దున బయల్దేరేసరికి లెక్కల టీచరు బస మెట్ల మీద జారి మణికట్టు బెణికించుకుంది. నర్సు దానికి కట్టు కట్టి, మలుపుల్లో తనకి కడుపులో తిప్పుతుందని ఒక మాత్ర వేసుకుని, "ఇది వేసుకున్నాక బండి తోలకూడదు" అని తనే రూలు చెప్పి, వెనక సీట్లో తల వాల్చేసింది. మిగిలింది బేకరీ ఆవిడ. పద్నాలుగు నెలల మనిషి.

సగం కొండ దాకా బాగానే ఎక్కింది. ఆ తర్వాత పొగమంచు కమ్ముకుంది. రోడ్డు పక్కన మంచు గట్టులా పేరుకుని ఉంది. నిలువు మలుపు ఒకదాని దగ్గర ముందున్న ట్రక్కు ఆగింది. బేకరీ ఆవిడా ఆపింది. ట్రక్కు కదిలింది. ఈవిడ క్లచ్చి వదిలేసరికి ఇంజను ఆగిపోయి, బండి ఒక జానెడు వెనక్కి జారింది. అక్కయ్య కాలు రబ్బరు పట్టా మీద దబ్బున పడింది. పట్టా ఏ బండినీ ఆపదు కదా.

"హ్యాండ్‌బ్రేకు" అంది అక్కయ్య. బేకరీ ఆవిడ లాగింది. బండి నిలిచింది. రెండోసారి స్టార్టు చేసింది, మళ్లీ ఆగింది. వెనక బండ్లు ఒకటొకటిగా చేరి, హారన్లు మొదలయ్యాయి. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. బేకరీ ఆవిడ స్టీరింగు వదిలేసింది.

"నావల్ల కాదు అక్కయ్యా. నువ్వు రా."

"నేను రాలేనే." ఆ మాట నోట్లోంచి వచ్చేశాక ఇక దాచడానికేం మిగల్లేదు. "నా కాలికి బ్రేకొక్కటే తెలుసు. పదకొండేళ్లయింది నేను తోలి. హారను వింటే చాలు, తొక్కేస్తాను. నడిరోడ్డు మీద ఆపేశానొకసారి. చావు తప్పింది."

బేకరీ ఆవిడ ముక్కు చీదుకుని, "పద్నాలుగు నెలలు నన్ను ఊరంతా వెక్కిరించారు. వదిలేస్తానంటే నువ్వేమన్నావో గుర్తుందా? కాలికి తెలియకపోతే నోటితో చెప్పు, వింటుంది అన్నావు" అంటూ తలుపు తీసుకుని మంచులోకి దిగింది.

అక్కయ్యా దిగింది. బండి ముందు నుంచి చుట్టూ తిరిగొచ్చి ఎడమ తలుపు తీసింది. ఎక్కి కూర్చుంది. అప్పుడు ఒక విచిత్రం జరిగింది. ఆవిడ కుడిచెయ్యి, ఎవరూ చెప్పకుండానే, పక్కకి వెళ్లి గేరు మీద వాలింది. ఇరవై ఏడేళ్లుగా అది ఎడమ సీట్లోంచి పక్కవాళ్ల గేర్లు సరిచేసిన చెయ్యి. మిగతా ముగ్గురూ ఎనిమిది రోజులు కుడిచేత్తో గేరు వెయ్యలేక ఎడమచేత్తో తలుపుని తడుముకున్నారు. ఈవిడకి ఆ తిప్పలే లేవు. ఇన్నాళ్లూ తను కూర్చున్నది ఈ సీట్లోనే, ఇప్పుడు దానికి స్టీరింగొచ్చింది, అంతే.

"అమ్మాయ్" అంది పైకి, తనకి తనే చెప్పుకుంటూ. "క్లచ్చి నిండా తొక్కు. స్టార్టు చెయ్యి. ఫస్టు గేరు."

వేసింది.

"క్లచ్చి మెల్లగా వదులు. బండి ముక్కు లేచేదాకా ఆగు" అని వెనక నుంచి లెక్కల టీచరు అందుకుంది. అక్కయ్య పాఠమే, అక్కయ్య యాసలోనే.

"లేచింది. ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు దించు" అంది నర్సు కళ్లు మూసుకునే.

దించింది. వ్యాను వెనక్కి జానెడు కూడా జారకుండా మలుపెక్కింది. వెనక బండివాడు ఇంకోసారి హారను కొట్టాడు. కాలు బ్రేకు వైపు లేచింది. "ఎక్కడికే?" అని గద్దించింది అక్కయ్య. నేర్చుకునేవాళ్లని ఎన్ని వేలసార్లు గద్దించిందో ఆ గొంతుతోనే. కాలు బుద్ధిగా వెనక్కొచ్చింది. ఇరవై ఏడేళ్లలో ఆ గొంతుకి ఎదురుచెప్పినవాళ్లు లేరు, కాలెంత.

కొండ కొస మీద పొగమంచు విడిపోయి ఎండ కాస్తోంది. అసలు పరీక్ష అక్కడి నుంచే. నలభై కిలోమీటర్ల దిగుడు, మలుపు మీద మలుపు. కాలు బ్రేకు మీద పెట్టి కూర్చోవాలనిపించే దారి. అలా కూర్చుంటే బ్రేకు కాగి కాగి, తీరా అవసరమైనప్పుడు పట్టదు. "దిగేటప్పుడు ఇంజనే బ్రేకు" అని బల్ల గుద్ది చెప్పిన మనిషి తనే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈరోజు చెప్పేదీ వినేదీ ఒక్కతే అయిపోయింది, లోకువ కట్టడానికి మనిషి దొరకలేదు.

"సెకండు గేరు. కాలు తియ్" అంది. తీసింది.

బండి గుర్రుమంటూ దిగింది. మలుపు ముందు కొంచెం నొక్కడం, వదలడం, తిప్పడం. ఒక మలుపు, పది మలుపులు, ముప్పై మలుపులు. ఎదురుగా బస్సు హారను కొట్టుకుంటూ ఎక్కి వచ్చింది. అక్కయ్య పక్కకి జరిగి, తనూ ఒక హారను కొట్టి పంపించింది. ఆ తర్వాత పాఠం చెప్పుకోవడం మానేసినట్టు తనకే తెలియలేదు. ఊపిరి హాయిగా ఆడుతోంది. పదకొండేళ్లలో ఇంత సంతోషం ఆవిడ ఎరగదు.

పక్కన ఏదో కదిలినట్టై ఓరకంట చూసింది. బేకరీ ఆవిడ బూట్లు విప్పుతోంది. రెండూ విప్పి పట్టా మీద చిల్లు పక్కన పెట్టి, రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నీ బండి, నీ ఇష్టం" అని కిటికీలోంచి బయటికి చూసింది.

అద్దంలో చూస్తే వెనకాల లెక్కల టీచరూ అలాగే కూర్చుని ఉంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఒంటిచేత్తోనే పట్టిక తీసి, నాలుగో వరసలో ఏదో రాస్తోంది. నర్సు సగం నిద్రలోనే కాళ్లు ముడిచింది. అక్కయ్యకి కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. కారనిచ్చింది.

రోడ్డు అయిపోయిన చోట, ఇసుకకి రెండడుగుల ఇవతల, బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను కట్టేసింది. అన్నయ్యకి ఫోన్ చేసి, "అలల చప్పుడు వినబడుతోందా? ఆపింది నేనే" అంది. అవతల అన్నయ్య ఏమన్నాడో గానీ, బోర్డు మాత్రం ఈనాటికీ ఉంది.

"దిగండే" అంది స్నేహితురాళ్లతో. ఎవరూ దిగలేదు. ఇంతదూరం బాసింపట్టు విప్పకుండా కూర్చున్నారు, ముగ్గురికీ కాళ్లు తిమ్మిరెక్కి కొయ్యబారిపోయాయి. వాళ్లు మూలుగుతూ, నవ్వుతూ మోకాళ్లు రుద్దుకుంటుంటే, బ్రేకక్కయ్య ఒక్కతే దిగి సముద్రం దాకా నడిచింది.