లేదని రాసిన షుగర్

సిద్దిపేటల నాదొక ఆన్‌లైన్ సెంటర్. జిరాక్సు, లామినేషను, పాన్ కార్డు, పాస్‌పోర్టు దరఖాస్తు, ఇన్సూరెన్సు, ఎవరికి ఏ ఫారం నింపాలన్నా నా దగ్గరికి వస్తరు. ఇన్నేండ్ల పనిల నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒకటే. ఫారంల ఏదన్న రోగం ఉన్నదా అని అడిగితే 'లేదు' అని కొట్టాలె. 'ఉన్నది' అని కొడితే దాని కింద ఇంకో నాలుగు గళ్లు తెరుచుకుంటయి. అవతల గిరాకి లైన్ల నిలబడి ఉంటది. ఆ లెక్కన నా కంప్యూటర్ ముందర కూసున్నోళ్లల ఒక్కరికి సుత రోగం లేదు. సిద్దిపేట అంత ఆరోగ్యంగ ఇంకో ఊరు ఉండదు.

మా అక్క నాకన్న పన్నెండేండ్లు పెద్దది. కుకునూరుపల్లి దిక్కు ఊరికి ఇచ్చిన్రు. బావ పోయి శానా ఏండ్లయింది. నాట్లకు, కలుపులకు కూలికి పోతది, ఆదివారం చర్చికి పోతది. ఈ రెండూ తప్పినట్టు నాకు యాదికి లేదు. నేను క్రిస్మస్ నాడు కేకు తినెతందుకు చర్చికి పోయేటోన్ని.

కరోనా జెర సల్లబడి దేశాలు తలుపులు తెరుస్తున్న రోజులల్ల, వాళ్ల పాస్టరయ్య పద్దెనిమిది మందితోని యెరూషలేము యాత్ర పెట్టిండు. అక్క పేరు రాయించింది. తోడు ఒకరుండాలని నన్ను సుత ఎక్కించిన్రు. ఫారాలు నింపెటోడు దొరికిండని పాస్టరయ్య సంబురపడ్డడు. నా భక్తి ఎంతనో ఆయన అడగలే.

అప్పటి రూల్సు ఇప్పుడు చెప్తే కథ లెక్క ఉంటయి. విమానం ఎక్కకముందు మూడు దినాల లోపట ముక్కుల పుల్ల పెట్టిచ్చుకోవాలె. అక్కడ దిగినంక మల్ల పెడతరు. రెండు టీకాల సర్టిఫికెట్ కావాలె, అండ్ల పేరు పాస్‌పోర్టుల పేరు తీర్గనే ఉండాలె. మా గుంపుల ఒకామెకు టీకా కాగితంల ఇంటిపేరు ముందుంటే పాస్‌పోర్టుల ఎనక ఉంది. దాన్ని సక్కగ చేసెతందుకు వారం పట్టింది. మేము ఒక రూలు నేర్చుకునే లోపల అది మారుతుండె. వీటన్నిటి మీద ఇన్సూరెన్సు. కరోనా వస్తే ఖర్చు కంపెనీనే పెట్టుకుంటదని కాగితం మీద స్పష్టంగ రాసి ఉండాలె. లేకుంటే రానియ్యరు.

ఆ పాలసీని పద్దెనిమిది మందికి చర్చిల నిలబడి నేనే చదివి చెప్పిన. "పరాయి దేశంల ఉన్నప్పుడు అనుకోకుండ వచ్చిన రోగానికి ఇస్తరు. కరోనా అని గదిల పెట్టి తాళమేస్తే గది కిరాయి సుత ఇస్తరు. ఇంటికాడి నుంచి ఎంట తీస్కపోయిన పాత రోగానికి మాత్రం ఇయ్యరు." అందరు తలకాయలు ఊపిన్రు. పాస్టరయ్య సుత మెచ్చుకున్నడు.

అక్క ఫారం నింపేటప్పుడు ఆమె నా పక్కన స్టూలు మీద కూసున్నది.

"నాకు బీపీ ఉన్నదని రాయి తమ్మి."

"వద్దక్కా. రాస్తే ఇంకా శానా అడుగుతరు."

"అడగనియ్యి. ఉన్నదే కదా చెప్పేది."

రాసిన. గళ్లు తెరుచుకున్నయి. ఎప్పటి నుంచి, ఏం గోళీ, ఏ డాక్టరు. చీటీ ఫోటో తీసి ఎక్కించేసరికి పొద్దు గూకింది. ఆ తర్వాత నాది రెండు నిమిషాలల్ల అయిపోయింది. నాకు ఏడేండ్ల నుంచి షుగర్ ఉన్నది. అలవాటు మీద 'లేదు' అని కొట్టిన. ఆపతిల ఎవరికి ఫోన్ చెయ్యాలె అన్న కాడ అక్క నంబరు పెట్టిన.

దిగినంక ఏర్‌పోర్టుల మల్ల ముక్కుల పుల్ల పెట్టిన్రు. మర్నాడు పొద్దుగాల మెసేజులు వచ్చినయి. పదిహేడు మందికి లేదు. అక్కకు ఉన్నది. దగ్గు లేదు, జరం లేదు. రాత్రి అందరికన్న ఎక్కువ అన్నం తిన్నది సుత ఆమెనే. ఐదు దినాలు గది దాటొద్దని హోటలోళ్లు ఆమెను వేరే అంతస్తుల ఒక్కదాన్నే పెట్టిన్రు.

ఫోన్ చేసిన. "నాకు ఏం లేదు కదా తమ్మి?" అన్నది.

"ఏం లేదక్కా."

"మరెందుకు పెట్టిన్రు?"

"కాగితంల ఉన్నది."

"సరే, కాగితంల ఉంటే ఉండాలె" అన్నది. ఏడుస్తదేమో అనుకున్న. ఏడిస్తే ఏం చెప్పాలెనో నాకు తెల్వకపోతుండె.

నేను ఆమె దగ్గర్నే హోటల్ల ఉంటనన్న. ఒప్పుకోలే. "నువ్వు పోయి చూడు. నాకు ఫోన్ల చూపియ్యి" అన్నది. అట్ల, ఏండ్ల సంది ఆ జాగలు చూడాలని ప్రార్థన చేసిన మనిషి గదిల కూసున్నది. కేకు కోసం చర్చికి పోయేటోడు ఫోను పట్టుకోని అన్ని జాగలు తిరిగిండు. బేత్లెహేముల ఆ గుడి తలుపు శానా చిన్నగుంటది, వంగి పోవాలె. లోపల దీపాలు, ధూపం, తోసుకునుడు. ప్రభువు పుట్టిన తావు కాడికి పోయేసరికి ఫోన్ సిగ్నల్ పోయింది. అక్క మొఖం తెర మీద ఆగిపోయింది, నోరు సగం తెరిచి. ఎనక ఉన్నోళ్లు జరుగు జరుగు అంటున్నరు. ఫోన్ను అట్లనే ఆ తావుల ఉన్న రాయి మీదికి వంచి, బయటికి వచ్చిన.

బయట సిగ్నల్ కలిసినంక అడిగింది, "ప్రార్థన చేసినవా?"

"చేసిన."

"నా పేరు చెప్పినవా?"

"చెప్పిన."

ఆమెకు అంతకు మించి ఏం అక్కెర లేకుండె. నాకే ఆ పూట బస్సుల కూసుంటే ఎట్లనో అయింది.

నాలుగో నాడు రాతి మెట్ల గల్లీలు ఎక్కి సిలువ మార్గం నడవాలె. మధ్యాహ్నం దాంక ఉపాసం అన్నడు పాస్టరయ్య. నేను పొద్దుగాల షుగర్ గోళీ ఏసుకున్న, నాష్టా చెయ్యలే. సగం గల్లీల చెమటలు పట్టినయి, చేతులు వణికినయి. ఎవరో నీళ్లు ఇచ్చినట్టు యాది. కండ్లు తెరిచేసరికి దవాఖానల ఉన్న. చేతికి సెలైన్ ఉంది, పక్కన మా గైడు నిలబడి ఉన్నడు.

దవాఖానోళ్లు ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పిన్రు. కంపెనీ వాళ్లు నాకు ఫోన్ చేసిన్రు, నేను ఎత్తే తీర్గ లేను. ఆపతి నంబరుకు చేసిన్రు. అవతల తెలుగు మాట్లాడే ఆడపిల్ల. ఇవతల మా అక్క, పొద్దటి నుంచి మాట్లాడెతందుకు మనిషి లేక కూసున్నది.

ఆ పిల్ల అడిగిందట, "అమ్మా, మీ తమ్మునికి ముందు నుంచి ఏదన్న జబ్బు ఉన్నదా?"

అక్క చెప్పిందట, "షుగర్ ఉన్నది బిడ్డా. ఏడేండ్లయింది. తీపి మానమంటే మానడు. గోళీలు యాదికుంటే ఏసుకుంటడు, లేకుంటే లేదు. మా నాయినకు సుత ఉండె."

మా నాయిన సంగతి కంపెనీ అడగలేదు. అక్కనే చెప్పింది.

సాయంత్రం హోటలుకు వచ్చినంక ఆమె తలుపు బయట నిలబడి మాట్లాడిన. "ఎందుకు చెప్పినవక్కా?"

లోపలి నుంచి అన్నది, "దవాఖానోళ్లు అనుకున్న తమ్మి. రోగం దాస్తే మందు ఎట్లిస్తరు?"

 

బిల్లు నేనే కట్టిన. కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరంల మర్యాదకు తక్కువ లేదు. త్వరగ కోలుకోవాలని కోరుకుంట, పాత రోగం దాసినందుకు క్లెయిము కొట్టేస్తున్నమని రాసిన్రు. అక్క గది కిరాయి మాత్రం కొన్ని నెలలకు వాపసు వచ్చింది. బీపీ ఉన్నదని రాసినందుకు ఆమెకు ఏ నష్టం కాలేదు. ఏ రోగం లేకుండ ఐదు దినాలు పండుకున్న మనిషికి ఇన్సూరెన్సు వచ్చింది, దవాఖానల పడ్డోనికి రాలేదు. పాలసీ ఎవరికన్న చదివి చెప్పేటోన్ని గనక ఇది న్యాయమే అని నాకు తెలుసు.

అక్కకు తలుపు తెరిచింది తిరుగు ప్రయాణం నాడు. ఏర్‌పోర్టుకు పోయే దారిల బస్సు ఒక గుట్ట మీద పది నిమిషాలు ఆపిన్రు. కింద యెరూషలేమంతా కనవడుతుంది. అక్క కొంగు తల మీద కప్పుకోని నిలబడి చూసింది. అందరు ఆమెకు జాగ ఇచ్చి ఎనక్కి జరిగిన్రు. కాసేపటికి నా దిక్కు తిరిగి, "పొద్దుగాల తిన్నవా?" అన్నది. తిన్ననని చెప్తే నమ్మలే. సంచిల నుంచి రొట్టె తీసి ఇచ్చింది.

ఊరికి వచ్చినంక ఆదివారం ఆమెను సాక్ష్యం చెప్పమన్నరు. యాత్ర పోయొచ్చినోళ్లు లేసి దేవుడు చేసిన మేలు చెప్పుడు వాళ్ల చర్చిల అలవాటు. ముందు చెప్పినోళ్లు యొర్దాను నీళ్ల గురించి, ఒలీవ చెట్ల గురించి చెప్పిన్రు. నేను ఎనక వరసల కూసుని, అక్క ఏం చెప్తదో అని ఇబ్బంది పడ్డ. ఆమె చూసింది ఒక గది, కిటికీల నుంచి ఒక గోడ.

అక్క అదే చెప్పింది. "గోడ చూసిన. మంచి రాతి గోడ. ఐదు దినాలు నాకు ఎవరు పని చెప్పలే. పొద్దుగాల లేసి మల్ల పండుకున్న. నాకు తెలివి వచ్చినకాడి నుంచి పగటిపూట నిద్రపోలే. గాడ నిద్రపోయిన. ప్రభువుకు వందనాలు." చెప్పి కూసున్నది.

కూటం అయినంక ఆడోళ్లు ఆమె చుట్టు చేరిన్రు. అందరు నాట్లేసేటోళ్లే. బేత్లెహేము గురించి ఒక్కరు అడగలే. ఆ గది ఎంతుంటది, పరుపు మెత్తగుండెనా, అన్నం ఎవరు తెచ్చిచ్చిన్రు అని అడిగిన్రు.

"మరి గిన్నెలు ఎవరు కడిగిన్రు?" అన్నదొకామె.

"ఏమో," అన్నది అక్క. "తిన్నంక తలుపు బయట పెడితే మాయమైతుండె."