కింద నిలబడ్డవాడు

వైమానిక దళంలో నేను ఇంజిన్ మెకానిక్‌ని. పదిహేనేళ్ళు విమానాలను సిద్ధం చేసి పైకి పంపాను గాని, ఒక్కదాన్నీ నడపలేదు. మా పనంతా నేల మీదే. అన్నీ సరిగా ఉన్నాయని సంతకం పెట్టడం, విమానం కనుమరుగయ్యేదాకా చూడడం, తిరిగొచ్చే వేళకి మళ్ళీ అక్కడే నిలబడడం. యుద్ధం వచ్చిన ఏడు నేను పంపిన విమానాల్లో ఒకటి తిరిగి రాలేదు. ఆ పైలట్ నాకంటే చిన్నవాడు. ఎక్కేముందు నా భుజం తట్టేవాడు. శత్రువు కొట్టాడో, ఇంజిన్ ఆగిందో విచారణలో తేలలేదు. తప్పు నాదని ఎవరూ అనలేదు. కాదనీ అనలేదు.

ఆఖరి క్షణంలో ఆ మనిషి నన్ను తిట్టుకున్నాడా? ఈ ఒక్క ప్రశ్న నన్ను ఏళ్ళ తరబడి కాల్చుకు తింది.

సర్వీసు అయ్యాక, మావాళ్ళు పొట్టకూటికి వలసపోయిన ఉత్తరాది ఉక్కు ఊళ్ళో, బాగ్‌బేరా బస్తీలో అమ్మ దగ్గరికి చేరాను. కర్మాగారంలో క్రేన్ల మరమ్మతు పని దొరికింది. ఊరి చివర చిన్న రన్‌వే, దాని పక్కన ఒక ఫ్లయింగ్ క్లబ్. ఆదివారాలు వాళ్ళ ఇంజిన్లు చూసిపెడితే ఎగరడం నేర్పుతామన్నారు. అప్పటికి నాకు నలభై దగ్గరపడుతోంది. పనిలో తోటివాళ్ళు “ఫౌజీ భయ్యా, పై నుంచి మా ఇళ్ళ మీద పడకు” అని నవ్వేవాళ్ళు. అమ్మ మాత్రం నవ్వలేదు.

“మిలట్రీ నుంచి పేణాలతో వచ్చినావు. మళ్ళీ ఈ పిచ్చేటిరా నీకు?”

“సరదాకి నేర్చుకుంటన్నానమ్మా.”

ఇంకేం చెప్పను? చచ్చిపోయినవాడి మనసులో ఏముందో తెలుసుకోవడానికి పైకి వెళ్తున్నానంటే, పక్క బస్తీ జుగ్సలాయిలో తాయెత్తులు కట్టేవాడి దగ్గరికి ఈడ్చుకుపోయేది.

నేర్పేవాడు రిటైరైన పైలట్, ముక్కుమీద కోపం. పక్క సీట్లో కూర్చుని, చెప్పాపెట్టకుండా ఇంజిన్ పవర్ తగ్గించేసేవాడు. ఇంజిన్ చప్పుడు మారగానే నా చెవులు అటే పోయేవి. పెట్రోలా, కార్బురేటరా, ప్లగ్గా అని వెతుకుతూ ఉండిపోయేవాణ్ణి. ఈలోగా వేగం పడిపోయి విమానం ఒరిగిపోయేది. ఆయన కంట్రోలు లాక్కుని హిందీలో తిట్టేవాడు. “ఇంజిన్ చచ్చింది. దాన్ని వదిలెయ్. ముందు ముక్కు దించు, ఎదురుగా ఏముందో చూడు. మెకానిక్ బుర్ర కింద పెట్టి రా.” చాలా నెలలు అలాగే తిట్లు తిన్నాను. సొంతంగా ఎగరనివ్వడేమోనని బెంగ పట్టుకుంది.

చివరికి ఒక వేసవి ఉదయం ఒంటరిగా వెళ్ళమన్నాడు. నేను అలవాటుగా ఇంజిన్ మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. “నువ్వు చూసిన ఇంజిన్‌తో ఎగిరావంటే పైన కూడా దాన్నే తలుచుకుంటావు” అని, విమానాన్ని చూసే పని క్లబ్బు మెకానిక్‌కి అప్పగించాడు. అతను ఉండేది ఆ ఊళ్ళోనే బిర్సానగర్ బస్తీలో, మా శ్రీకాకుళం వైపు మనిషే, నా ఈడువాడే.

నేల వదిలి చెట్ల పైకి వచ్చానో లేదో ఇంజిన్ దగ్గింది, ఆగిపోయింది. చేతులు వాటంతటవే ముక్కు దించాయి. ఎదురుగా ఎండిపోయిన నది ఇసుక. అదొక్కటే కనబడింది. వేగం, ఇసుక, వేగం. ముందు చక్రం దిగబడి విమానం మూతి మీద పడింది. నా భుజం ఎముక విరిగింది. ఎలాగో బయటపడి ఇసుకలో కూర్చున్నాను.

అందరికంటే ముందు ఆ మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నా ఎదురుగా నిలబడి, రొప్పుతూ అడిగాడు.

“నిజం సెప్పన్నా. ఇంజిన్ ఆగిపోయినప్పుడు నన్ను తిట్టుకున్నావా?”

“లేదురా. నువ్వసలు గుర్తే రాలేదు.”

అబద్ధం కాదు. ఆ కాసేపట్లో నాకు అతనూ లేడు, అమ్మా లేదు, యుద్ధంలో పోయిన ఆ పైలట్ కూడా లేడు. మెకానిక్ అక్కడే కూలబడి భోరుమని ఏడ్చాడు. గండం గడిచినవాడి ఏడుపు అది.

నాకూ గడవాలి కదా. ఇన్నేళ్ళు అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. ఆ పైలట్ నన్ను తిట్టుకుని ఉండడు. అంత తీరిక ఉండదని ఇప్పుడు నాకు తెలుసు. అయినా దుఃఖం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇన్నేళ్ళూ అతని ఆఖరి క్షణంలో నేనున్నాననే అనుకున్నాను, తిట్లు తినడానికైనా సరే. నేను లేను. ఎవరూ లేరు. అతను నన్ను తిట్టుకుని ఉంటేనే బాగుండేదని మొదటిసారి అనిపించింది. కనీసం అంత ఒంటరిగా పోయి ఉండేవాడు కాదు.